అమ్మ తల్లిగారి ఊరికి

మొదటి రోజు: పాలమూరు

ఈ ప్రయాణం నడి ఎండాకాలంలోనే చేయాలి. శ్రీశైలం జలాశయం నిండితే నీటిమట్టం 885 అడుగులు ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు బాగా దిగిపోయినప్పుడు కొల్లాపూర్ వైపు మునిగిన ఊళ్ల ఆనవాళ్లు కొన్ని బయటపడతాయి. అమ్మ తల్లిగారి ఊరు వాటిలో ఒకటి. 1981లో ఖాళీ చేయించిన వందకు పైగా ఊళ్లలో అదీ పోయింది. అప్పటికి అమ్మకు పెళ్లయి వనపర్తికి వచ్చేసింది. తర్వాత ఎప్పుడూ అటు పోలేదు. "నీళ్లల్ల ఏం జూస్తం?" అనేది. ఈసారి పోదామని పట్టుబట్టింది నేను.

నాకు రెటినైటిస్ పిగ్మెంటోసా ఉంది. కంటి వెనక పొరలో మసక వెలుతురులో చూపునిచ్చే కణాలు ముందు చచ్చిపోతాయి. అందుకే మొదట రేచీకటి వస్తుంది. ఆ తర్వాత పక్కచూపు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తగ్గుతుంది. ఇప్పుడు నేను లోకాన్ని గొట్టంలోంచి చూసినట్టు చూస్తున్నాను. ఎదుటి మనిషి ముఖం బాగానే కనిపిస్తుంది, ఆయన చాచిన చెయ్యి కనిపించదు. ఆర్‌పీఈ65 అనే జన్యువులో లోపం ఉన్నవాళ్ల కోసం 2017లో అమెరికాలో ఒక జన్యుచికిత్సకు అనుమతి వచ్చింది. నాలో లోపమున్నది ఆర్‌పీజీఆర్ జన్యువులో. అది ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, అంటే నాకు అమ్మ నుంచే వచ్చింది. డాక్టరు ఆ సంగతి చెబుతున్నప్పుడు అమ్మ పక్క కుర్చీలోనే ఉంది. ఆ రోజు నుంచి నా కళ్ల గురించి ఆమె ఒక్క మాట కూడా ఎత్తలేదు.

నేను కొన్నేళ్లు రాత్రిళ్లు నిద్ర మానుకుని కొత్త మందుల కోసం ఫోన్లో వెతికాను. ఈ మధ్య మానేశాను. ఆశ పోయి కాదు. ఏదైనా వస్తే డాక్టరే చెబుతాడు. ఉన్న చూపంతా ఆ ఫోనుకే ధారపోస్తున్నాననిపించింది. చూడాల్సినవి చాలా ఉన్నాయి.

నేను బండి నడపను కాబట్టి కారు మాట్లాడుకున్నాం. పొద్దున్నే హైదరాబాద్‌లో బయల్దేరి ముందు పిల్లలమర్రికి పోయాం. మహబూబ్‌నగర్ ఊరి పక్కనే మూడెకరాలకు పైగా పరుచుకున్న మర్రి. వయసు దాదాపు 700 ఏళ్లంటారు. 2017 డిసెంబరులో ఒక పెద్ద కొమ్మ విరిగిపడింది. కారణం చెదలు. మరుసటి ఏడాది చెట్టుకు సెలైన్ సీసాలు వేలాడదీసి, క్లోర్‌పైరిఫాస్ మందును నీళ్లలో కలిపి చుక్కచుక్కగా ఎక్కించారు. బరువుకు వాలిన కొమ్మల కింద దిమ్మెలు కట్టి ఆనిక ఇచ్చారు. పాలమూరోళ్లు తమ చెట్టును అంత తేలిగ్గా పోనివ్వలేదు. నాకది బాగా నచ్చింది.

కంచె ఇవతల నిలబడి నేను తల తిప్పుకుంటూ చెట్టును ముక్కలు ముక్కలుగా చూశాను. ఏది మానో ఏది ఊడో తెలియలేదు. ఒక్క చూపులో అందదు. నాకే కాదు, ఆ చెట్టు ఎవరికీ ఒక్క చూపులో అందదు. మళ్లీ కారెక్కబోతుంటే అమ్మ అక్కడున్న రాజరాజేశ్వర ఆలయం చూపించింది. ముంపులో పోయే ఊరి నుంచి రాళ్లు తెచ్చి ఇక్కడ తిరిగి కట్టిన గుడి అది. అమ్మ లోపలికి పోయి దండం పెట్టుకుని వచ్చింది. "రాళ్లు గవే" అంది.

రెండో రోజు: నడిగడ్డ

కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న నేల నడిగడ్డ. భూత్పూర్, కొత్తకోట, పెబ్బేరు దాటి బీచుపల్లి దగ్గర కృష్ణ మీది వంతెన ఎక్కాం. కింద నీళ్లకన్నా బండలే ఎక్కువ. అమ్మ అలవాటుగా పర్సులోంచి రూపాయి తీసి నదిలోకి విసిరింది. ఊరు ముంచిన నదికి ఈమె ఇంకా దండం ఎట్లా పెడుతుందో నాకు చిన్నప్పటి నుంచీ అర్థం కాదు. అడిగాను కూడా. "నదికేమెరుక?" అంది.

అలంపూర్‌లో నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యుల కాలం నాటివి. ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో కట్టారు. పేర్లన్నీ బ్రహ్మవి (తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ), లోపల ఉన్నదంతా శివుడే. ఎండలో స్వర్గబ్రహ్మ గోడల మీది శిల్పాలు నాకు చక్కగా కనిపించాయి. దగ్గరగా నిలబడి ఒక్కో బొమ్మనూ తీరిగ్గా చూశాను. నాతోపాటు వచ్చిన యాత్రికులు రెండు నిమిషాల్లో అన్ని గుళ్లూ తిరిగేసి జోగులాంబ దగ్గర లైన్లో నిలబడ్డారు. గర్భగుడుల్లోకి మాత్రం నేను పోలేకపోయాను. ఎండలోంచి చీకట్లోకి అడుగు పెడితే నా కళ్లకు ఇక ఏమీ అందదు. బాలబ్రహ్మ గుడి గడప దగ్గర ఆగిపోతే అమ్మ మోచెయ్యి అందించింది. లోపల దీపం ఒక్కటే కనిపించింది. మిగతాది ఆమె చెవిలో చెప్పుకుంటూ వచ్చింది: ఇక్కడ నంది, ఇక్కడ మెట్టు, తల వంచు.

జోగులాంబ పాత గుడి పద్నాలుగో శతాబ్దంలో కూలిపోయింది. అమ్మవారి విగ్రహాన్ని ఈ బాలబ్రహ్మ ఆలయంలోనే ఒక పక్కన పెట్టి కొన్ని వందల ఏళ్లు పూజ చేశారు. పాత చోటనే కొత్త గుడి కట్టి అమ్మవారిని మళ్లీ నిలిపింది 2005లో. ఆరు వందల ఏళ్లు ఇంకొకరి ఇంట్లో ఉన్నా ఆమెకు నైవేద్యం తప్పలేదు. నేను ఆ మాట అంటే అమ్మ నవ్వింది. ఈ ప్రయాణంలో ఆమె నవ్వడం అదే మొదలు.

సాయంత్రం ఎండ తగ్గకముందే కూడవెల్లి సంగమేశ్వరాలయం చూశాం. కృష్ణా తుంగభద్రల సంగమం దగ్గర ఉండాల్సిన గుడి. శ్రీశైలం ముంపులో పోతుందని విప్పి, రాళ్లు ఇక్కడికి తరలించి, మళ్లీ ఎప్పటిలాగే పేర్చారు. రాతికి రాయి కూర్చిన అతుకు నేను వేలితో తడిమితే తప్ప తెలియనంత బాగా పేర్చారు. పురావస్తు శాఖవాళ్ల పనితనాన్ని మెచ్చుకోవాల్సిందే. అమ్మ ప్రాకారం మీద కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "గుడిని తెచ్చిండ్రు. ఊరిని తేలేదు" అంది. ముంపు కుటుంబానికొక ఉద్యోగమని 1986లో జీవో 98 వచ్చింది. ఆ కాగితం పట్టుకుని తిరుగుతూ ముసలివాళ్లయినవాళ్లను కొల్లాపూర్, వనపర్తి వైపు ఎవరినడిగినా చూపిస్తారు.

మూడో రోజు: సోమశిల, ఊరు

పెబ్బేరు మీదుగా కొల్లాపూర్ చేరేసరికి మామిడికాయల లారీలు అడ్డం. ఈ ఊరి మామిడికి పెద్ద పేరు. సోమశిలలో నది ఒడ్డున గుళ్లు, అవీ మునగకుండా పైకి తరలించినవే. పడవ మాట్లాడుకున్నాం. పడవ నడిపే అతను ఊరి పేరు చెప్పగానే, "గా దిబ్బనా, తేలింది పోదాం" అన్నాడు.

అవతలి ఒడ్డు వైపు చెయ్యి చూపించి సంగమేశ్వరం సంగతి కూడా అతనే చెప్పాడు. కూడవెల్లి గుడిలా ఆ గుడిని ఎవరూ తరలించలేదు. ఏటా వానాకాలంలో నీళ్లలోకి పోతుంది, ఎండాకాలం ముందర బయటికి వస్తుంది. లోపలి లింగం వేపకొయ్యది. నీళ్లు గర్భగుడిని తాకేదాకా పూజారి పూజ చేసి, ఆఖరి హారతి ఇచ్చి పడవలో బయటికొస్తాడు. మళ్లీ గుడి తేలాక ఒండ్రు కడిగి దీపం పెడతాడు.

పడవ దిగిన చోట బురద ఎండి పలకలు పలకలుగా పగిలింది. నా పాదాల దగ్గరేముందో నాకు కనపడదు కాబట్టి అమ్మ ముందు, నేను ఆమె భుజం పట్టుకుని వెనక. ఇటుక ముక్కలు, పెంకులు, ఒక రోలు పగిలి సగమే మిగిలింది. అమ్మ మొదట బొడ్రాయి కోసం వెతికింది. అది దొరికితే అక్కడి నుంచి ఎవరి ఇల్లు ఎటో చెప్పగలనంది. దొరకలేదు. అటూ ఇటూ తిరిగి చివరికి ఒక ఎండు మొద్దు దగ్గర ఆగింది. "మా వాకిట్లది. యాపచెట్టు." ఎట్లా గుర్తుపట్టావంటే, కిందికి వంగి ఒక కొమ్మ నరికిన గుర్తు మీద నా చెయ్యి పెట్టింది. ఉయ్యాల తాడు జారకుండా తాత గొడ్డలితో గాడి చేశాడట. వేలు పెడితే సరిగ్గా తాడు పట్టేంత గాడి. నలభై ఏళ్లకు పైగా ఏటా మునిగి తేలినా కొయ్య అక్కడ నున్నగానే ఉంది.

అక్కడ కూర్చున్నాక అమ్మ పెద్దమామ గురించి చెప్పడం మొదలుపెట్టింది. నేను ఆయన్ను బాగా చిన్నప్పుడు చూశాను, ముసలాయనగా. ఆయనకు రాత్రిపూట కనపడేది కాదట. ఊళ్లో అందరూ బలం లేక అన్నారు, కారెటు తినమన్నారు, కార్జం వండిపెట్టారు. పగటి చూపు కూడా తగ్గుతూ పోయింది. కానీ ఈ ఊళ్లో ఆయనకు ఏ ఇబ్బందీ ఉండేది కాదు. ఏ గోడ ఎక్కడ మలుగుతుందో, ఎవరి అరుగు ఎంత ముందుకొస్తుందో ఆయన చేతికీ కాలికీ తెలుసు. అర్ధరాత్రి కూడా ఒక్కడే చేను దగ్గరికి పోయి వచ్చేవాడు.

ఊరు పోయాక కొత్త కాలనీలో వరసగా ఒకే తీరు ఇళ్లు కట్టారు. అరుగుల్లేవు. మలుపుల్లేవు. మామ ఏడాది పాటు గడప దాటలేదు. అమ్మ చూడ్డానికి పోతే గోడకు మొహం పెట్టి పడుకునేవాడట. "ఊరికోసం ఏడుస్తుండనుకున్నం. దారికోసం ఏడ్సిండు." తర్వాత ఒకరోజు ఆయనే లేచి, ఎడ్లబండి మోకు ఒకటి తీసుకుని, ఇంటి గుంజ నుంచి బోరింగు దాకా కట్టుకున్నాడు. ఇంకో నెలకు బోరింగు నుంచి కొట్టం దాకా. కాలనీలో పిల్లలు ఆ తాడు పట్టుకుని ఊగేవాళ్లు. మామ తిట్టేవాడు కాదు, ముడి వదులైతే మళ్లీ బిగించుకునేవాడు. ఆయనకు నడక తిరిగొచ్చింది, మాట తిరిగొచ్చింది. ఊరి మాట ఎత్తితే, "అది పోయిందమ్మా" అని బీడీ ముట్టించుకునేవాడట.

నేను మామ గురించి ఇంత వినడం అదే మొదటిసారి. నా రోగం ఆయన రోగమేనని అమ్మకు ఎప్పుడో అర్థమై ఉంటుంది. ఆ మాట ఆమె అనలేదు, నేనూ అనలేదు. తిరిగి వస్తూ సోమశిలలో చేపల పులుసు తిన్నాం.

రాత్రి కొల్లాపూర్ లాడ్జిలో కరెంటు పోయింది. నాకు అలాంటప్పుడు గుండె దడ మొదలవుతుంది, గదిలో ఏది ఎక్కడుందో తెలియక టెన్షన్ వచ్చేస్తుంది. ఆ రాత్రి లేచి మంచం కోళ్ల నుంచి తలుపు దాకా, తలుపు నుంచి బాత్రూం దాకా గోడ పట్టుకుని నడిచి చూసుకున్నాను. వచ్చి పడుకున్నాను. నిద్ర పట్టింది.

నాలుగో రోజు: మర్రిగూడ

నాగర్‌కర్నూల్, కల్వకుర్తి దాటి నల్లగొండ జిల్లాలోకి. అమ్మకు చిన్నమ్మ కూతురు ఒకామెను మర్రిగూడ వైపు ఇచ్చారు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు... ఈ పేర్లు వింటే తెలంగాణలో ఎవరికైనా ఫ్లోరైడే గుర్తొస్తుంది. ఇక్కడి గ్రానైటు రాతి పొరల్లోంచి ఫ్లోరైడ్ భూగర్భజలాల్లో కలుస్తుంది. తాగే నీళ్లలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించకూడదు. మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, ఎముకలు బిగుసుకుంటాయి, వంగుతాయి. వంగినవి మళ్లీ సాపు కావు.

చిన్నాయనకు మెడ తిరగదు. నన్ను చూడాలంటే నడుము పైభాగమంతా తిప్పాలి. నాకేమో ఆయన ముఖం దొరకాలంటే తల అటూ ఇటూ వెతకాలి. మంచం మీద ఎదురెదురుగా కూర్చుని కాసేపు ఇద్దరం ఇట్లా సర్దుకున్నాం. చిన్నమ్మ మజ్జిగ ఇచ్చింది. ఆయన నా కళ్ల సంగతి అడిగాడు, నేను చెప్పాను. మందు లేదా అన్నాడు, లేదన్నాను. "మందు లేదని తెలిసిందా, మంచిదైంది. నాకు తెలియక పదేండ్లు వైద్యులెంట తిరిగిన, రెండెకరాలు అమ్మిన" అన్నాడు.

అప్పటికి ఇది ఓ ముసలాయన ఓదార్పు అనుకున్నాను. కానీ ఆయన ఆగలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల సంగతి ఎత్తాడు. దుశర్ల సత్యనారాయణ నడిపిన జలసాధన సమితి పిలుపుతో నల్లగొండ స్థానానికి మొత్తం 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్ కాగితం పుస్తకమైంది. ఈ జిల్లా తాగే నీళ్ల సంగతి దేశమంతటికీ తెలియాలని చేసిన పని అది. చిన్నాయన ఆ బ్యాలెట్ మందం రెండు వేళ్లతో చూపించాడు. అప్పటికే ఆయనకు నడుము పట్టేసింది. ఆయన ఎముకలకు ఆ పోరాటంతో ఒరిగేదేమీ లేదు, అది ఆయనకూ తెలుసు. "మా పిల్లగాండ్లు నిటారుగ నడుస్తున్నరు సూడు" అని వాకిట్లోకి చూపించాడు. నాకు అంతదూరం వెలుగులో ఇద్దరు పిల్లలు సైకిలు తొక్కుతూ కనిపించారు. ఈ జబ్బును కర్మ అని ఊరుకోమని వీళ్లకు చెప్పినవాళ్లు అప్పట్లో ఎంతమంది ఉండి ఉంటారో! ఒళ్లు మండుతుంది తలుచుకుంటే.

ఇప్పుడు ఆ ఇంటి నల్లాలో కృష్ణ నీళ్లొస్తున్నాయి. అమ్మ చెంబు పట్టి తాగింది. శ్రీశైలం దిగువకు వదిలిన నీళ్లు సాగర్‌కు చేరతాయి, సాగర్ వెనక పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి ఈ వైపుకు తెస్తారు. మా ఊరు మీద నిలిచిన నీళ్లేనా ఇవి అని అడిగింది. అవునన్నాను. ఇంకో చెంబు పట్టుకుంది. "మంచిగనే ఉన్నయి. గని మా వోళ్లకియ్యాల్సింది ఇయ్యలే" అంది చిన్నమ్మతో. రెండూ నిజమే.

అయిదో రోజు: నాగార్జునసాగర్

కొండమల్లేపల్లి మీదుగా పొద్దున్నే సాగర్. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేసిన ఆనకట్ట. 26 గేట్లూ మూసి ఉన్నాయి. దీని వెనక నిలిచిన నీళ్ల కింద ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉంది. మునగకముందు 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికినవాటిని నాగార్జునకొండ పైకి చేర్చారు. అమ్మకు డ్యామ్ మీద ఆసక్తి లేదు, అందుకని బుద్ధవనం పోయాం. 2022లో తెరిచిన పెద్ద తోట, మధ్యలో అమరావతి స్తూపం నమూనాలో కట్టిన మహాస్తూపం.

నీడలో కూర్చుని నాకు తెలిసిన బుద్ధుడి మాట ఒకటి అమ్మకు చెప్పాను. ఒంటికి నొప్పి కలగడం మొదటి బాణం. దాన్ని తలుచుకుని మనసు కుమిలిపోవడం రెండో బాణం. మొదటిది అందరికీ తగులుతుంది, జ్ఞానికి రెండోది తగలదు అని. నేను చిన్నాయన గురించీ, నా గురించీ అనుకుంటూ చెప్పాను.

అమ్మ చీర కొంగు మెలిపెడుతూ వింది. "మొదటి బాణం ఏసింది నేనే గదరా" అంది.

డాక్టరు దగ్గర నుంచి వచ్చిన రోజున రావాల్సిన మాట అది.

"నువ్వెక్కడ వేశావమ్మా? నీకు అమ్మమ్మ ఇచ్చింది. ఆమెకు తెలియదు, నీకూ తెలియదు."

"అన్నను కండ్లార చూసిన. నాకు తెల్వాలె గద."

"తెలిస్తే ఏం చేసేదానివి? నన్ను కనకపోయేదానివా?"

చేతి మీద ఒక్కటి వేసింది. "ఏం మాటలురా అవి." కళ్లు తుడుచుకుంది, మళ్లీ తుడుచుకుంది. కాసేపటికి తనే అంది, "కంటుంటి. గట్లనే కంటుంటి."

అప్పుడు నేను ఇంట్లో ఎన్నోసార్లు ఎత్తబోయి ఆగిన సంగతి ఎత్తాను. చెల్లెకు కూడా ఆ జన్యులోపం వచ్చి ఉండటానికి సగం అవకాశం ఉంది. వచ్చి ఉంటే దాని కొడుక్కు మళ్లీ సగం. పిల్లాడికి ఎనిమిదేళ్లు. సందెపొద్దున గడప తట్టుకుంటున్నాడని చెల్లె ఒకసారి అన్నది. దాని సంసారంలో చిచ్చు ఎందుకు పెడతావని అమ్మ ఇన్నాళ్లూ ఆపింది. జబ్బు ఉంటే ఆపలేం, నిజమే. కానీ తెలిస్తే బడిలో ముందు బెంచీలో కూర్చోబెట్టొచ్చు, పెద్దక్షరాల పుస్తకాలు ఇప్పించొచ్చు, రాత్రి సైకిలు తొక్కనివ్వకుండా చూసుకోవచ్చు. నాకు ముప్పై దాటాక తెలిసింది. అప్పటిదాకా అందరూ నన్ను తొందరపాటు మనిషి అన్నారు, నేనూ అదే అనుకున్నాను.

అమ్మ ఫోన్ అడిగింది. నంబరు నేను కలిపిచ్చాను. చెల్లెతో ముందు మామిడికాయల గురించి మాట్లాడింది, తర్వాత ఊరి గురించి, తర్వాత పెద్దమామ గురించి. మోకు కట్టుకున్న సంగతి కూడా. అవతల చెల్లె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫోన్ నాకివ్వమంది. "వాడికి పగలు బాగనే కనపడుతది గదా అన్నా?" అని అడిగింది. కనపడొచ్చు, అయినా చూపిద్దాం అన్నాను. సోమవారం పొద్దున పిల్లాణ్ణి తీసుకొస్తానంది. కంట్లో చుక్కలు వేస్తారు, కొన్ని గంటలు మసకగా ఉంటుంది, బండి మీద కాకుండా ఆటోలో రమ్మని, ఎండకు టోపీ పెట్టమని చెప్పాను.